మాస్టారి టేపురికార్డరు

మన పాతపట్నం బడి పాత విద్యార్థుల సభ సంచికకి ఏదైనా రాయమని కమిటీవాళ్లు అడిగారు. ఆరు నుంచి తొమ్మిది దాకా నాకు మిగిలినవి ఒడియా పరీక్ష భయం, మహేంద్రతనయ ఏట్లో ఈతలు, అంతే. ‘పెసరట్టు’ గాడి గొడుగు సంగతి వాడే రాస్తానన్నాడు. నేను రాయాల్సింది పదో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు టేపురికార్డరు మోసుకొచ్చిన మధ్యాహ్నం గురించి.

బరంపురం నుంచి తెప్పించుకున్న క్యాసెట్టు. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బృందం వాళ్ల ఆల్బం ‘ది డివిజన్ బెల్’, 1994. వదులైన రీలుని పెన్సిలు దూర్చి బిగించి, ఆఖరి పాట ‘హై హోప్స్’ పెట్టారు. మొదలవుతూనే గంట మోగింది. రెండో బెంచీ మొత్తం పుస్తకాలు సర్దేసింది!

“కూర్చోండర్రా, అది మన గంట కాదు.”

ఎనిమిది నిమిషాలు దాటిన పాట. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ చివర్లో ఆ గిటారు! ఒళ్లో అడ్డంగా పెట్టుకుని తీగల మీద కడ్డీ జారుస్తూ వాయిస్తారట. ఏడుపూ అదే, ఎగరడమూ అదే.

ఆ పాట పాడి గిటారు వాయించిన డేవిడ్ గిల్మర్ కేంబ్రిడ్జి కుర్రాడని మాస్టారు చెప్పారు. లోకానికి అది పెద్ద చదువుల ఊరు, అతనికి మాత్రం చిన్నప్పటి ఏరూ పచ్చికా. వాటిని వదిలి పెద్దవాడయ్యాక వెనక్కి చూసుకుంటూ రచయిత్రి పాలీ శామ్సన్‌తో కలిసి రాసిన పాట. “మీలో సగం మంది పాతపట్నం దాటిపోతారు. పోవాలి కూడా. పోయాక మళ్లీ వినండి” అన్నారు.

నేను మళ్లీ విన్నది నౌపడా సైటు క్యాంపులో. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి వేయించిన మన చిన్న రైలు 2004లో ఆగిపోయింది. దాన్ని బ్రాడ్‌గేజిగా, అంటే పెద్ద రైళ్ల వెడల్పు లైనుగా మార్చే పనికి కాంట్రాక్టరు తరఫున వెళ్లిన ఇంజనీరుని నేనే. మనం పక్కన పరిగెత్తి ఎక్కిన ఆ రెండున్నర అడుగుల లైను పట్టాలు లేపుతుంటే కొలతలు నా పుస్తకంలోనే రాసుకున్నాను. ఆ రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట మొత్తం విన్నా. మాస్టారు ఎందుకు వినమన్నారో అప్పుడు తెలిసింది.

2010లో పర్లాకిమిడికి పెద్ద రైలొచ్చింది. అమ్మని స్టేషనుకి తీసుకెళ్లాను. పక్కనున్నావిడతో “మావాడేసిన లైనే” అంది. ఇప్పటికి చాలా లైన్లు వేశాను, వేరే రాష్ట్రాల్లో కూడా. ఆ మాట మాత్రం మళ్లీ ఎవరూ అనలేదు.

సభకి మాస్టారు వస్తున్నారట. ఆ పాట మధ్యలో ఆపకుండా పూర్తిగా వేయాలని కమిటీకి నా మనవి. పాట నేను తెస్తా, స్పీకర్లు ‘రేడియో’ గాడు చూసుకోవాలి.