డిస్క్ ఖాళీగానే ఉంది, మన జాబ్ మాత్రం కదలదు

రాత్రిపూట వరుసగా నడిచే బ్యాచ్ జాబులు ఆలస్యమైతే మొదటి నింద స్టోరేజ్ టీమ్ మీదే. "అన్నా, డిస్కులు స్లో అయినట్టున్నాయి, ఒకసారి చూస్తారా" అని మెసేజ్ వచ్చేస్తుంది. డిస్క్ నిజంగా స్లో అయిందా, లేక దాన్ని ఇంకెవరైనా పట్టుకుని కూర్చున్నారా అని ఎవరూ అడగరు. హైదరాబాద్‌లో కూర్చుని ఒక అమెరికా బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్‌లు చూస్తుంటాను. మొన్న మా ప్రొడక్షన్‌లో జరిగింది రెండోదే.

మెయిన్‌ఫ్రేమ్ పనితీరు కొలిచే ఆర్ఎంఎఫ్ రిపోర్టులో ఒక్కో డిస్క్ రెస్పాన్స్ టైమ్ నాలుగు ముక్కలుగా ఉంటుంది. ఐఓఎస్‌క్యూ పెరిగితే మన సిస్టమ్‌లోని జాబులే ఆ వాల్యూమ్ (డిస్క్) కోసం తోసుకుంటున్నట్టు. డిస్‌కనెక్ట్ పెరిగితే డేటా క్యాష్ మెమరీలో దొరకలేదనో, దూరంగా ఉన్న రెండో కాపీకి రాసేదాకా ఆగుతోందనో అనుకోవచ్చు. కనెక్ట్ అంటే డేటా కదిలిన సమయం. మాకు ఈ మూడూ మామూలుగానే ఉన్నాయి. పెండింగ్ ఒక్కటే, అంటే పంపిన రిక్వెస్ట్ (ఐఓ) డిస్క్‌లో మొదలుకాక ఎదురుచూసిన సమయం పెరిగింది, అదీ దాదాపు మొత్తం డివైస్ బిజీ డిలే (డిస్క్ వేరేవాళ్ల చేతిలో ఉండి ఆగిన సమయం) కాలమ్‌లో. పైగా ఆ వాల్యూమ్‌కి మేం పంపిన ఐఓలు చాలా తక్కువ. పని లేకుండా ఇంత ఎదురుచూపు కనబడితే నేను పక్క సిస్టమ్‌నే అనుమానిస్తాను.

ఈ అంకెలన్నీ 15 నిమిషాల సగటు. మధ్యలో కాసేపు పూర్తిగా ఆగిపోయినా సగటులో పలచబడిపోతుంది. సిస్టమ్ మెసేజ్‌లు నమోదయ్యే సిస్‌లాగ్‌లో మాత్రం, ఐఓ మొదలుకాక ఆగిందని చెప్పే ఐఓఎస్071ఐ స్టార్ట్ పెండింగ్ మెసేజ్ స్పష్టంగా ఉంది. ఏ వనరు ఎవరి చేతిలో ఉందో సిస్టమ్‌ల మధ్య చూసుకునేది జీఆర్ఎస్. డిస్‌ప్లే జీఆర్ఎస్ కమాండ్ కొడితే కంటెన్షన్ (పోటీ) ఏమీ లేదంది. కొత్తవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఇదే డిస్క్‌ని వాడే మా టెస్ట్ ఎల్‌పార్ (మెయిన్‌ఫ్రేమ్‌లో విడిగా నడిచే సిస్టమ్) ప్రొడక్షన్ జీఆర్ఎస్‌లో లేదు. కాబట్టి అది వేసే రిజర్వ్ (డిస్క్ మొత్తాన్నీ తనకే పట్టుకోవడం) ఎన్‌క్యూగా, అంటే జీఆర్ఎస్ చూసే తాళంగా మారి మనకు కనబడదు, నేరుగా డివైస్ మీదే తాళం పడుతుంది. హైపర్‌ప్యావ్ (ఎలియాస్ అనే అదనపు దారులతో ఒకే వాల్యూమ్‌కి ఒకేసారి చాలా ఐఓలు పంపే సదుపాయం) ఉన్నా లాభం లేదు, రిజర్వ్ వదిలేదాకా ఎలియాస్‌లూ ఆగాల్సిందే.

అప్పుడు అదే 15 నిమిషాలకి టెస్ట్ వైపు ఆర్ఎంఎఫ్ తీశాను. డివైస్ నంబర్లు రెండు వైపులా ఒకేలా ఉంటాయన్న నమ్మకం లేదు కాబట్టి వాల్యూమ్ పేరైన వాల్‌సర్‌తో వెతకాలి. రిజర్వ్ శాతం కాలమ్ చూడగానే విషయం తేలిపోయింది. టెస్ట్ వాళ్ల బ్యాకప్ జాబ్ (డీఎఫ్ఎస్ఎంఎస్‌డీఎస్ఎస్) ఆ వాల్యూమ్ మొత్తాన్నీ డంప్ తీస్తోంది, అయ్యేదాకా వీటాక్ (డిస్క్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక) మీద రిజర్వ్ వదలదు. ఆ వాల్యూమ్‌లో ఉన్నది రెండు వైపులా వాడే ప్రోగ్రాములుండే లోడ్ లైబ్రరీ. మన బ్యాచ్ ప్రోగ్రామ్ లోడ్ కావడానికే దిక్కు లేదు.

"మరి మా బ్యాకప్ సంగతేంటి?" అన్నారు టెస్ట్ వాళ్లు. ఆ వాల్యూమ్‌కి ప్రొడక్షన్ వైపు నుంచి రోజూ బ్యాకప్ తీస్తూనే ఉన్నామని చూపించాక ఆ డంప్ స్టెప్ తీసేశారు. ఈ మధ్యలో ఇంకా వేగమైన స్టోరేజ్ కొందామన్న మాట కూడా వచ్చింది! రెండు సిస్టమ్‌లనీ ఒకే జీఆర్ఎస్‌లో కలిపేద్దామని ఇంకొకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. టెస్ట్‌లో ఎవరో ప్రయోగం చేస్తే ప్రొడక్షన్ ఎన్‌క్యూలు ఆగడం నాకు నచ్చదు. వాళ్లకి కావలసిన లైబ్రరీని వేరే వాల్యూమ్‌కి కాపీ చేసిచ్చి, ఈ డిస్క్‌ని టెస్ట్ వైపు ఆఫ్‌లైన్ చేసేస్తే చాలు. ఛేంజ్ రిక్వెస్ట్ పెట్టాను, నెలాఖరు ఫ్రీజ్ (మార్పులు చేయకూడని రోజులు) అయ్యాక చేస్తాం.