పక్షుల రక్షణ కేంద్రంలో నా మొదటి శీతాకాలం

పక్షుల్ని చూడటం నాకు చాలా ఏళ్లుగా ఉన్న ఇష్టం. అందులోనూ శీతాకాలం అంటే మరీ ఇష్టం. ఆకులు రాలిన కొమ్మల మీద చిన్న పిట్ట కూడా దాక్కోలేదు. వలస వచ్చిన బాతులు నీళ్ల మీద గుంపులుగా కనిపిస్తాయి. పగలు తక్కువ కాబట్టి తిండి కోసం అన్నీ రోజంతా తిరుగుతూనే ఉంటాయి. గాయపడ్డ అడవి పక్షుల్ని కాపాడే కేంద్రంలో వాలంటీర్లు కావాలని తెలిసినప్పుడు, ఇన్నాళ్లూ దూరం నుంచి చూసినవాటిని ఇక దగ్గరగా చూడొచ్చన్న ఆశతోనే పేరిచ్చాను. అక్కడ నేర్పిన మొదటి పాఠం, వాటిని చూడకుండా ఉండటం.

“దానికి నువ్వు కాపాడేదానివని తెలియదమ్మా. రెండు కళ్లూ ముందుకు పెట్టి తేరిపార చూస్తే, తినడానికి వచ్చావనే అనుకుంటుంది” అన్నారు మాకు శిక్షణ ఇచ్చిన సీనియర్ వాలంటీర్. వయసులో పెద్దావిడ, అందరం అక్కా అనే పిలుస్తాం. పక్షుల గదిలో మాటలుండవు, పాటలుండవు, ఫోన్ మోగకూడదు. ప్రతి పంజరం మీదా గుడ్డ కప్పి ఉంటుంది. తలుపు తీసేటప్పుడు పక్కకు తిరిగి, కళ్లు దించి పని చేసుకోవాలి. ఇది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు. బెదురు వల్లే కొన్ని పక్షులు చనిపోతాయి. పొడుగు కాళ్ల పక్షులైతే, పట్టుకున్నప్పుడు పెనుగులాడిన పెనుగులాటకే కండరాలు దెబ్బతిని మళ్లీ లేచి నిలబడలేని స్థితికి వస్తాయి.

చేరే ముందు ధనుర్వాతం టీకా వేయించుకోమన్నారు. ఇంట్లో కోళ్లు, పెంపుడు చిలకలు ఉన్నాయా అని అడిగారు. 2021 తర్వాత హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ చాలా ఖండాల్లో అడవి పక్షులకు పాకింది. అప్పటినుంచి నీటి పక్షులు ఏవొచ్చినా ముందు విడి గదికే వెళ్తాయి. ఆ గదికి వేరే బూట్లు, వేరే గౌను, మాస్కు ఉంటాయి. గడపలో మందు నీళ్ల తొట్టి ఉంటుంది.

మొదట్లో నాకు దక్కిన పని ఉతుకుడు. తువ్వాళ్లు, దుప్పటి ముక్కలు, గౌనులు ఎన్ని ఉతికినా కుప్ప తరగదు. పోగులు లేచిన తువ్వాలును వేరే పడేయాలి, ఎందుకంటే ఆ పోగుల్లో గోళ్లు చిక్కుకుంటే వేళ్లు విరుగుతాయి. ఇంత చిన్న విషయం మీద అంత శ్రద్ధ పెట్టే చోటు నాకు వెంటనే నచ్చేసింది. పైగా కేంద్రంలో మనుషులు నోరు విప్పేది ఆ ఉతుకుడు గదిలోనే. రిటైరైన టీచర్లు, కాలేజీ పిల్లలు, రాత్రి షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చే ఒక నర్సు, అందరం తువ్వాళ్లు మడతపెడుతూ మాట్లాడుకునేవాళ్లం. ఏ పంజరంలోది నిన్న తిన్నది, ఏది తినలేదు అన్న కబుర్లే ఎక్కువ. రెక్క విరిగిన గద్దకు కట్టు విప్పే రోజు వస్తే, తమ పని లేకపోయినా ఇద్దరు ముగ్గురు వచ్చి ఆ గదిలో కూర్చునేవారు, డాక్టర్‌గారు బయటికొచ్చి ఏం చెబుతారా అని.

ఆ తర్వాత కొత్తగా వచ్చే పక్షుల్ని తీసుకునే బల్ల దగ్గర నిలబెట్టారు. అక్కడ నేర్చుకున్నదంతా ఆగడం గురించే. పెట్టె రాగానే మూత తీసి చూడాలని చెయ్యి లాగుతుంది. కానీ బరువు చూసి, వెచ్చగా ఉన్న చీకటి గదిలో కాసేపు వదిలేయాలి. పక్షి ఒంటి వేడి మామూలుగానే 40 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటుంది. చలికి ఒళ్లు చల్లబడి వచ్చినదానికి పేగులు పనిచేయవు. అందుకే ముందు వెచ్చదనం, తర్వాత ద్రవాలు, ఆఖరున తిండి. ఈ వరస తప్పి, చిక్కి శల్యమైన పక్షికి జాలికొద్దీ కడుపునిండా పెడితే ఆ తిండే ప్రాణం తీస్తుంది. నోట్లో నీళ్లు పోయడం అంతకంటే ప్రమాదం. పక్షికి గాలి గొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది, పోసిన నీళ్లు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పట్టుకునేటప్పుడు రొమ్ము నొక్కకూడదని కూడా అక్కడే తెలిసింది. మనకు ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానం అనే కండరపు పొర దానికి లేదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది.

మంచి చలిలో ఒక పొద్దున ఎవరో అట్టపెట్టెలో గ్రీబ్‌ను తెచ్చారు. నీళ్లలో బుడుంగున మునిగి ఎక్కడో తేలే పక్షి అది. వాన పడిన పార్కింగ్ స్థలంలో దొరికిందట. గ్రీబ్‌లు రాత్రిపూట వలస ప్రయాణం చేస్తాయి. తడిసి దీపాల వెలుగులో మెరిసే తారు నేల పైనుంచి వాటికి చెరువులా కనిపిస్తుంది, దిగిపోతాయి. దిగాక ఇక అంతే. కాళ్లు ఒంటికి బాగా వెనకగా ఉండటంతో నేల మీద నడవడమే కష్టం, ఇక ఎగరాలంటే నీటి మీద చాలా దూరం పరిగెత్తాలి. 2011 డిసెంబరులో అమెరికాలోని యూటా రాష్ట్రంలో సీడార్ సిటీ దగ్గర మంచు తుఫాను రాత్రి వేల గ్రీబ్‌లు ఇలాగే పార్కింగ్ స్థలాల్లో పడిపోయాయి. చాలా చనిపోయాయి, మిగిలినవాటిని జనం ఏరి నీళ్లలో వదిలారు.

మా గ్రీబ్‌కు ఎముకలేమీ విరగలేదు. రొమ్ము ఎముక మాత్రం వేలికి కత్తి అంచులా తగిలింది, అంత చిక్కిపోయింది. దీన్ని గట్టి నేల మీద ఉంచితే రొమ్ము కింద పుండ్లు పడతాయి. అందుకని వల అడుగున్న తొట్టిలో పెట్టారు. కాస్త తేరుకున్నాక నీటి కొలనులోకి మార్చారు. అసలు పరీక్ష అక్కడ మొదలైంది. నీటి పక్షిని పొడిగా ఉంచేది ఒంటి నూనె ఒక్కటే అనుకునేదాన్ని. దానికంటే ముఖ్యం ఈకల అల్లిక. ఈక పోగులు కొక్కేల్లా ఒకదాన్నొకటి పట్టుకుని నీటిని లోపలికి రానివ్వవు. మనం పెట్టిన చేప నూనె రవ్వంత అంటుకున్నా ఆ అల్లిక చెడి, నీరు చర్మానికి తగిలి పక్షి వణకడం మొదలుపెడుతుంది. అందుకే కొలనులో నీరు ఎప్పుడూ అంచు మీంచి పొర్లుతూ ఉంటుంది, పైన తేలే జిడ్డు కొట్టుకుపోతుంది. గుడ్డ చాటున చిన్న కన్నంలోంచి దాన్ని గమనించి రాయడం నా పని. ఈకలు దువ్వుకుంటోందా, ఒంటిని ఉబ్బించుకుని కూర్చుందా, నీటిలోంచి పైకెక్కాలని చూస్తోందా? మూడోది కనిపిస్తే తడుస్తోందన్న మాట. అలా రెండుసార్లు దాన్ని బయటికి తీయాల్సి వచ్చింది.

వచ్చినవన్నీ బతకవు. ఈ మాట చెప్పకుండా ఆ శీతాకాలం గురించి రాయడం న్యాయం కాదు. అద్దాలకు కొట్టుకున్నవి, పిల్లి కరిచినవి, చేపల గాలం దారం కాళ్లకు బిగిసినవి వస్తూనే ఉంటాయి. పిల్లి పంటి గాటు సూది మొనంతే ఉన్నా అందులోని బ్యాక్టీరియా పక్షి రక్తంలోకి పాకుతుంది. బాగుచేయలేమని తేలినదాన్ని బాధ లేకుండా నిద్రపుచ్చుతారు. అలాంటి సాయంత్రాల్లో అక్క రిజిస్టరు నింపి, ఆ రోజు దాన్ని చూసుకున్నవాళ్ల పక్కన వచ్చి కూర్చునేది. ఓదార్పు మాటలేమీ చెప్పేది కాదు. ఆవిడ అలా కూర్చోవడం వల్లే నేను మర్నాడు మళ్లీ వెళ్లగలిగాను.

జనవరిలో నీటి పక్షుల్ని లెక్కపెట్టే రోజు వచ్చింది. శీతాకాలంలో పక్షుల్ని లెక్కపెట్టడం పాత ఆనవాయితీయే. 1900లో అమెరికాలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త, క్రిస్మస్ రోజున పక్షుల్ని వేటాడే బదులు లెక్కపెడదామని పిలిస్తే 27 మంది కదిలారు. అంతర్జాతీయ నీటి పక్షుల లెక్క 1967లో మొదలై ఏటా జనవరిలో జరుగుతోంది. మా కేంద్రం నుంచి సగం మంది వెళ్లాం. మిగతా సగం ఉండిపోయి మా వంతు తిండి పెట్టడం, తొట్లు కడగడం చేశారు. వాళ్లలో ఉత్సాహం లేక కాదు, పంజరాల్లో ఉన్నవాటికి లెక్క రోజు, మామూలు రోజు అని తేడా ఉండదు కదా.

నాకు అప్పగించిన పని వేరే ఉంది. మా గ్రీబ్‌ను ఎక్కడ వదలాలో చూసి రమ్మన్నారు. అక్కడ దాని జాతి గుంపు ఉండాలి, మునగడానికి లోతుండాలి, గాలం వేసేవాళ్లు దూరంగా ఉండాలి. ఏళ్ల తరబడి సరదాగా పక్షుల్ని చూసిన చూపు ఒక పక్షికి అక్కరకొచ్చింది. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంది. గట్టుకు దగ్గరగా ఒక గుంపు కనిపించింది కానీ, పడవ వచ్చినప్పుడల్లా చెదిరిపోతోంది. తుంగ అవతలి మలుపులో చిన్న గుంపు నిమ్మళంగా మేత మేస్తోంది. అదే రాసుకున్నాను.

రోజంతా కొలనులో ఉన్నా పొడిగా ఉంది, బరువు పెరిగింది, రక్త పరీక్ష బాగుంది. అప్పుడే డాక్టర్‌గారు సరేనన్నారు. మళ్లీ ఎక్కడైనా దొరికితే గుర్తుపట్టడానికి, లైసెన్సున్న మనిషి వచ్చి కాలికి నంబరున్న రింగు తొడిగారు. 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు గోరింకల జాతి పిట్టలకు అల్యూమినియం రింగులు వేసి పద్ధతిగా మొదలుపెట్టిన పని ఇది. గాలి లేని పొద్దున, చీకటి పడటానికి చాలా గంటలుండగా, తుంగ మలుపు దగ్గర దాన్ని నీటి మీదే వదిలాం. వెంటనే మునిగి చాలా దూరంలో తేలింది, ఈకలు విదిలించుకుంది, మళ్లీ మునిగింది. కాసేపటికి గుంపులో అది ఏదో నాకు తెలియలేదు.

రిజిస్టరులో విడుదల అని రాసింది నేనే. ఇప్పుడు నాకు ఫోన్ డ్యూటీ ఇచ్చారు. కంగారుగా ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే: గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి పెట్టండి, మూత వేసి చీకట్లో వెచ్చగా ఉంచండి. నీళ్లు పోయకండి, తిండి పెట్టకండి, మాటిమాటికీ తెరిచి చూడకండి. దొరికిన చోటు సరిగ్గా గుర్తుపెట్టుకుని బయలుదేరండి.