జీవో 3 పడిపోయింది, 1/70 నిలబడింది: తేడా ఎక్కడుంది?

ఏజెన్సీ, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతాల సంగతులు మాట్లాడుకునేటప్పుడు మైదానంలో ఉన్న స్నేహితులు తరచూ అడిగేది ఒకటే. "సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేస్తే కొట్టేసింది, ప్రభుత్వం తలుచుకుంటే ఇంకో జీవో ఇవ్వలేదా?" అడిగేవాళ్ల మనసు మంచిదే. ఎన్నికలప్పుడు మన్యానికి వచ్చే నాయకులు కూడా "జీవో 3ని పునరుద్ధరిస్తాం" అని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకుని వెళ్తుంటారు. ఆ చప్పట్లు కొట్టేవాళ్లలో ఇప్పటికే టీచర్ ఉద్యోగం చేస్తున్నవాళ్లూ ఉంటారు. ఆ జీవోని ఉన్నదున్నట్టు మళ్లీ తెస్తే ముందుగా ఇబ్బందిలో పడేది వాళ్ల ఉద్యోగాలే అని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఏజెన్సీ టీచర్ పోస్టుల మీద ఇచ్చిన జీవో 3 కోర్టులో పడిపోయింది, ఏజెన్సీ భూములను కాపాడే 1/70 నిలబడింది, ఆ తేడా అర్థమైతే దారి కూడా కనిపిస్తుంది.

ముందు విషయం తెలియనివాళ్ల కోసం కొంచెం. 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాంఘిక సంక్షేమ శాఖ నుంచి జీవో ఎంఎస్ నంబర్ 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు ఆడవాళ్లకు, అన్నది దాని సారం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ఏజెన్సీల నుంచి గోదావరి జిల్లాల మీదుగా ఖమ్మం, వరంగల్, ఆదిలాబాద్ దాకా అది వర్తించింది. స్థానికులు అంటే 1950 జనవరి 26 నాటికే ఆ ప్రాంతంలో నివాసముంటూ వస్తున్న కుటుంబాలు అని అందులో నిర్వచనం పెట్టారు. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, తర్వాత కోర్టులో ఇదే మెడకు చుట్టుకుంది.

అసలు ఇలాంటి జీవో ఎందుకు అవసరమైందో మా వైపు పెరిగినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా చిన్నప్పుడు మా బడికి వేసిన మాస్టారు కింద టౌన్‌లో ఉండేవారు. సోమవారం మధ్యాహ్నం బస్సుకి వచ్చేవారు, శుక్రవారం మధ్యాహ్నమే దిగిపోయేవారు, వర్షాకాలంలో వాగు పొంగితే ఆ వారమంతా బడి లేనట్టే. ఆయన చెడ్డమనిషి అని నేను అనను. జ్వరాల భయం, ఇల్లు దొరకదు, పిల్లల చదువులు, ఎవరికైనా కష్టమే. కానీ ఇంట్లో కువి భాష మాట్లాడే ఆరేళ్ల పిల్ల మొదటిరోజు బళ్లో కూర్చుంటే, ఆయన చెప్పేది ఆ పిల్లకు అర్థం కాదు, ఆ పిల్ల అడిగేది ఆయనకు అర్థం కాదు. సవర, కోయ, గోండి, కొలామి మాట్లాడే పిల్లల పరిస్థితీ అంతే. రెండు మూడేళ్లు అలా కూర్చుని మానేసినవాళ్లు మా ఈడువాళ్లలో చాలామంది ఉన్నారు. జీవో 3 వచ్చాక పక్క గూడెం అమ్మాయే టీచరమ్మగా వచ్చింది, సెలవు రోజు కూడా ఊళ్లోనే కనిపించేది, పిల్ల బడికి రాకపోతే సాయంత్రం ఇంటికే వచ్చి అడిగేది. కాబట్టి ఈ విధానం మంచిదా కాదా అన్న అనుమానం నాకు ఎప్పుడూ లేదు. దాన్ని ఏ పునాది మీద నిలబెట్టారన్న దగ్గరే నా బాధంతా.

ఇప్పుడు జీవో అంటే ఏమిటో చూద్దాం. రాష్ట్ర కార్యనిర్వాహక అధికారం రాజ్యాంగం ప్రకారం గవర్నర్ పేరు మీద ఉంటుంది, నడిపేది మంత్రివర్గం. 166వ అధికరణం ప్రకారం ప్రభుత్వ ఉత్తర్వులన్నీ గవర్నర్ పేరుతోనే వెలువడాలి. అందుకే ఏ జీవో చూసినా చివర్లో 'గవర్నర్ పేరిట, వారి ఆజ్ఞానుసారం' అని ఉండి, కింద శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. ఫైలు సెక్షన్‌లో పుట్టి, కార్యదర్శి దాకా ఎక్కి, డబ్బు విషయమైతే ఆర్థిక శాఖకు, చట్టం విషయమైతే న్యాయశాఖకు వెళ్లి, మంత్రి దగ్గరకో ముఖ్యమంత్రి దగ్గరకో చేరి, ఆమోదం పొంది బయటికొస్తుంది. తొందరగా వస్తుంది, అంతే తొందరగా ఇంకో జీవోతో రద్దవుతుంది. అసెంబ్లీలో చర్చ అక్కర్లేదు, ఓటింగు అక్కర్లేదు. ప్రభుత్వాలకు జీవో అంటే అంత ఇష్టం ఉండటానికి కారణం ఇదే. కానీ చట్టం ఇచ్చిన అధికారం ఎంతవరకో జీవో బలం అంతవరకే, ఆ గీత దాటితే హైకోర్టు 226వ అధికరణం కింద ఒక్క రిట్ పిటిషన్‌తో కొట్టేయగలదు.

జీవో 3 మామూలు జీవో కాదు, అది నిజమే. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ఏజెన్సీ ప్రాంతాల విషయంలో గవర్నర్‌కు ప్రత్యేక అధికారాలిచ్చింది. అందులో ఐదో పేరాలో రెండు దారులున్నాయి. ఒకటో సబ్‌పేరా ప్రకారం, పార్లమెంటు గానీ అసెంబ్లీ గానీ చేసిన ఫలానా చట్టం ఏజెన్సీకి వర్తించదనో, ఫలానా మార్పులతో వర్తిస్తుందనో గవర్నర్ ఒక నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. రెండో సబ్‌పేరా ప్రకారం, ఆ ప్రాంత శాంతి కోసం, సుపరిపాలన కోసం ఏకంగా రెగ్యులేషన్లే చేయొచ్చు, వాటికి చట్టంతో సమానమైన బలం ఉంటుంది. కాకపోతే రెండో దారి కష్టం. గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, తర్వాత రాష్ట్రపతి ఆమోదం రావాలి, ఆ ఆమోదం వచ్చేదాకా అది అమల్లోకి రాదు. ఢిల్లీలో ఫైలు ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు.

2000లో ప్రభుత్వం తేలిక దారే పట్టింది. ఒకటో సబ్‌పేరా కింద నోటిఫికేషన్ ఇచ్చేసింది.

ఇందులో నాకు ఎక్కువ కోపం తెప్పించే విషయం ఏమిటంటే, ఇది తెలియక చేసిన పని కాదు. 1986 నవంబర్‌లోనే ఇలాంటిదే జీవో 275 వచ్చింది, దాన్ని 1989లో ప్రభుత్వ ఉద్యోగాల వివాదాలు చూసే పరిపాలనా ట్రిబ్యునల్ కొట్టేసింది. అంటే ఈ దారిలో గొయ్యి ఉందని పదేళ్ల ముందే తెలుసు. అయినా మళ్లీ అదే దారిలో జీవో 3 ఇచ్చారు. ఈసారి కూడా ట్రిబ్యునల్ కొట్టేసింది. 2001లో హైకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ మెజారిటీతో నిలబెట్టింది, ఒక జడ్జి విభేదించారు. అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్లి 2002 నుంచి 2020 దాకా ఉండిపోయింది. ఈ మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండు ముక్కలైంది. తీర్పు ఎటు వస్తుందో తెలియనప్పుడు, ఆ వ్యవధిలో గట్టి రెగ్యులేషన్ ఒకటి తయారుచేసి పెట్టుకుందామన్న ఆలోచన ఏ ఒక్క ప్రభుత్వానికీ రాలేదా? వచ్చినా ఫలితమైతే కనిపించలేదు.

2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం చేబ్రోలు లీలా ప్రసాదరావు కేసులో తీర్పిచ్చింది. ఒకటో సబ్‌పేరా కింద ఉన్న చట్టాన్ని ఆపొచ్చు, మార్చి వర్తింపజేయొచ్చు, కొత్త చట్టం పుట్టించడానికి ఆ అధికారం పనికిరాదు అంది. ఉద్యోగ నియామకాలు 309వ అధికరణం కింద చేసిన రూల్స్ ప్రకారం జరుగుతాయి, ఆ రూల్స్ అసెంబ్లీ చేసిన చట్టం కాదు కాబట్టి వాటిని ఈ పేరా కింద మార్చడం కుదరదు అంది. జిల్లా స్థానికతకు సంబంధించిన 371డి అధికరణానికీ, దాని కింద వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకూ ఇది విరుద్ధమంది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధం, 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు పెట్టిన 50 శాతం గీతను దాటుతుంది అంది. ఆ 1950 తేదీ వల్ల గిరిజనులలోనే కొందరు బయటపడిపోతున్నారు, దానికి హేతువు లేదు అంది. రెండు రాష్ట్రాలకూ కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు కూడా వేసింది.

చాలామంది చదవని భాగం తీర్పు చివర్లో ఉంది. 1986 నుంచి అప్పటిదాకా జరిగిన నియామకాలను కోర్టు కాపాడింది, కానీ ఒక షరతు మీద. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇకముందు ఇలా హద్దు దాటిన రిజర్వేషన్ మళ్లీ పెట్టకూడదు. పెడితే, పరిమితికి మించి జరిగిన ఆ పాత నియామకాలకు కూడా రక్షణ ఉండదు. అంటే రేపు ఒక ప్రభుత్వం ఆవేశంలో 'కొత్త జీవో 3' అని అదే వంద శాతంతో ఇస్తే, ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మన టీచర్ల ఉద్యోగాలు ప్రశ్నలో పడతాయి. పునరుద్ధరిస్తాం అన్న మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్ పట్టుకునేది ఇందుకే.

ఇక 1/70 సంగతి. అదీ ఐదో షెడ్యూల్ బిడ్డే, కాకపోతే కష్టమైన ఆ రెండో దారిలో వచ్చిన రెగ్యులేషన్. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదలాయింపు మీద చేసిన చట్టంతో మొదలై, 1959 రెగ్యులేషన్‌గా మారి, శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం మండుతున్న రోజుల్లో, 1970లో చేసిన సవరణతో (ఆ ఏడాది ఒకటో రెగ్యులేషన్, అందుకే 1/70) ఇప్పటి రూపానికి వచ్చింది. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులకు అమ్మడానికి వీల్లేదు, గిరిజనేతరుడి దగ్గర భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా అనుకోవాలి, కాదని నిరూపించుకునే భారం అతనిదే. ఎంత గట్టి నిబంధనో చూడండి, ఆస్తి హక్కును నేరుగా తాకుతుంది. అయినా 1988లో రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 1997 జులైలో సమత కేసులో ఇంకో అడుగు ముందుకేసి, అందులోని 'వ్యక్తి' అన్న పదంలో ప్రభుత్వం కూడా వస్తుంది, కాబట్టి విశాఖ ఏజెన్సీలోని అనంతగిరి మండలంలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం గనులు లీజుకివ్వడం చెల్లదు అని చెప్పింది. అదే కేసును అంతకుముందు మన హైకోర్టు కొట్టేసింది. ఒక స్వచ్ఛంద సంస్థ పట్టు వదలకుండా పైకి వెళ్లింది కాబట్టి బొర్రా చుట్టుపక్కల కొండలు మిగిలాయి.

అమలులో 1/70కి ఎన్ని చిల్లులు పెట్టారో మన్యంలో అందరికీ తెలుసు. బినామీ పేర్లు, తెల్లకాగితం ఒప్పందాలు, సివిల్ కోర్టులు, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర ఏళ్ల తరబడి నలిగే కేసులు. అయినా చట్టం అంటూ ఒకటి నిలబడి ఉంది కాబట్టి కోర్టుకు వెళ్లడానికి కాళ్లకింద నేల ఉంది. జీవో 3 పోయాక టీచర్ పోస్టుల విషయంలో ఆ నేలే లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల నియామకానికి మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో వచ్చినప్పుడు ఏజెన్సీ నిరుద్యోగులు రోడ్డెక్కింది దీని గురించే. బీఈడీ, డీఈడీ చేసి కూర్చున్న మా పిల్లలకు అది రాజ్యాంగ చర్చ కాదు. వయసు దాటిపోతోంది, ఇంకో డీఎస్సీ ఎప్పుడొస్తుందో తెలియదు.

కోర్టు మాట అంతా నాకు నచ్చిందని కాదు. గిరిజన పిల్లలకు గిరిజనులే చెప్పాలన్న ఆలోచననే తీర్పులో చాలా ఘాటుగా తప్పుపట్టారు. అక్కడ జడ్జీలు పిల్ల వైపు నుంచి చూడలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇది ఉద్యోగాల పంపకం గురించే అన్నట్టు ఆ తీర్పు నడిచింది. బళ్లో ఎవరి భాష నడుస్తోంది, టీచరు వారానికి ఎన్ని రోజులు ఊళ్లో ఉంటున్నారు అన్నది ఆ తూకంలో తేలిపోయింది. కానీ రాజ్యాంగ ధర్మాసనం తీర్పు అది, తిట్టుకుంటూ కూర్చుంటే మారదు.

మరి చేయాల్సిందేమిటి? నా అభిప్రాయం చెబుతాను, లాయర్లు ఎవరైనా ఉంటే సరిదిద్దండి. రెండో సబ్‌పేరా కింద రెగ్యులేషన్ తేవాలి, సలహా మండలిలో చర్చించాలి, రాష్ట్రపతి దగ్గరకు పంపాలి. అందులో వంద శాతం అని రాస్తే అదీ పడిపోతుంది, రెగ్యులేషన్ అయినంత మాత్రాన ప్రాథమిక హక్కులను దాటలేదు. కాబట్టి బలమంతా భాష మీద పెట్టాలి. ప్రాథమిక తరగతుల టీచర్‌కు ఆ బడి పిల్లల ఇంటిభాష వచ్చి ఉండాలి అన్నది కులం, తెగ చూడని అర్హత. పరీక్ష పెట్టండి, కోయ వచ్చిన ఎవరైనా రాయొచ్చు. ఆ పోస్టులో ఉన్నన్నాళ్లూ ఏజెన్సీ నుంచి బదిలీ ఉండదన్న షరతు పెట్టండి. ఎన్ని బడుల్లో ఏ భాష నడుస్తోంది, గత ఇరవై ఏళ్లలో హాజరు ఎలా మారింది అన్న లెక్కలు ముందే తీసి ఫైల్లో పెట్టండి. రిజర్వేషన్ గీత దాటడానికి అసాధారణ పరిస్థితులు ఉన్నాయని రేపు వాదించాలన్నా, కోర్టు ముందుగా అడిగేది ఆ లెక్కలే.

సలహా మండలిలో ఇరవై మంది దాకా సభ్యులుండొచ్చు, వీలైనంతవరకు వాళ్లలో నాలుగింట మూడొంతులు గిరిజన ఎమ్మెల్యేలే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ సీట్లు ఏడు, పాలకొండ నుంచి పోలవరం దాకా. తెలంగాణలో పన్నెండు. ఈసారి మీ ఎమ్మెల్యే ఊరికొస్తే జీవో 3 ఎప్పుడు తెస్తారని అడగొద్దు. రెగ్యులేషన్ ముసాయిదా తయారైందా, మండలి సమావేశంలో పెట్టారా, పెడితే మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో ఏముంది, రాష్ట్రపతికి పంపారా అని అడగండి. ఆ మినిట్స్ కాపీ సమాచార హక్కు కింద మీరే అడిగి తెచ్చుకోవచ్చు, దరఖాస్తు ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు ఉంటే అదీ అక్కర్లేదు.