పోయింది కారు, అడిగింది తాళం

నిన్న మధ్యాహ్నం బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. 5,09,000 పడ్డాయి. ఐడీవీ, అంటే పాలసీలో కారుకి కట్టిన విలువ, 5,10,000. 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిములోనూ తప్పనిసరిగా కోసే వెయ్యి పోను మిగిలిందన్నమాట. కారు పోయి పది నెలలు దాటింది. అందులో దొంగ పెట్టిన బాధ ఒక్క పూటే. మిగతాదంతా తాళాలు పెట్టిన బాధ. కోపం చల్లారితే సగం మర్చిపోతాను కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఉన్న చిన్న పట్నం. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, ఇన్సూరెన్సు వాళ్లతో వచ్చీరాని హిందీ. కారు 2020 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. ఒక లీటరు టర్బో ఇంజను, 110 హార్స్‌పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్కు. చూడ్డానికి బుడ్డ కారే, కొరాపుట్ వైపు ఘాటీ ఎక్కుతుంటే తెలుస్తుంది దాని సంగతి. నా వెనకే బయల్దేరిన పెద్ద పెద్ద ఎస్‌యూవీలు మలుపుల్లో ఎక్కడ ఉండిపోయేవో నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు. 2022లో కంపెనీ ఇక్కడ పోలో తయారీ ఆపేసింది. ఆ ఏడాదే విశాఖలో ఒక సెకండ్‌హ్యాండు కార్ల వ్యాపారి దగ్గర కొని, ఆంధ్రా ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ తెప్పించి మా రాయగడ ఓడీ 18 నంబరు వేయించాను. అతను ఒక్క తాళమే ఇచ్చాడు. "రెండోది పాత ఓనరు దగ్గర ఉండిపోయింది సార్, వారంలో కొరియర్ చేస్తా" అన్నాడు. ఆ వారం ఇంకా రాలేదు.

2024 నవంబరులో ఒక తెల్లవారుజామున అమ్మ లేపింది. "కారేదిరా? రాత్రి ఎవరికైనా ఇచ్చావా?" అప్పటికే వాకిలి ఊడ్చి, కళ్లాపి జల్లి, ముగ్గు కూడా వేసేసింది. ఈ ముగ్గు సంగతి తర్వాత వస్తుంది, గుర్తుంచుకోండి.

మొదటి రోజు పనులు తేలిగ్గానే అయ్యాయి. 112కి ఫోన్, తర్వాత ఠాణా. అక్కడ స్టేషన్ డైరీలో ఒక లైను రాసి పంపిస్తే వచ్చేయకండి, దానికి ఇన్సూరెన్సు దగ్గర విలువ లేదు. ఎఫ్ఐఆర్ కావాలి. భారతీయ న్యాయ సంహిత 303(2) కింద దొంగతనం అని ఉండాలి, నంబరు ఉండాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి, అది చట్టం. ఒడిశాలో వాహన దొంగతనాలకి వర్చువల్ పోలీస్ స్టేషన్ కూడా ఉంది. దొంగ ఎవరో తెలియనప్పుడు ఇంట్లో కూర్చునే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. నాకు మాత్రం ఎదురుగా కూర్చుని ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలూ చదివించుకుంటేనే నమ్మకం. ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు అందులో ఉండవు. ఎఫ్ఐఆర్‌లో సున్నా బదులు ఓ పడిందంటే ఆరు నెలల తర్వాత అదే మీ మెడకి చుట్టుకుంటుంది.

అదే రోజు ఇన్సూరెన్సు టోల్ ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిము నంబరు తీసుకున్నాను. ఫోన్ చాలుగా అనుకుని రాతపూర్వకంగా నాలుగో రోజున పంపాను. ఆ నాలుగు రోజుల్నీ తర్వాత నా మీదకే విసిరారు. మీరు ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాల్లో ఈమెయిల్ కూడా కొట్టండి. ఎదురింటి కిరాణా కొట్టు కెమెరా రికార్డు అదే రోజు పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. ఇలాంటి డీవీఆర్‌లు వారం పది రోజులకే పాతది చెరిపేసి మీద రాసుకుంటాయి. గడియారం పన్నెండు నిమిషాలు ముందుంది, ఆ ముక్క కూడా వాంగ్మూలంలో రాయించాను. రాత్రి 2:51కి నా కారు లైట్లు వేసుకోకుండా కొట్టు ముందు నుంచి వెళ్లింది. అంతే, మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

పన్నెండో రోజు ఇన్వెస్టిగేటర్ వచ్చాడు, భువనేశ్వర్ నుంచి. దొంగతనం క్లెయిములకి కంపెనీ బయటి ఏజెన్సీ మనిషిని పంపిస్తుంది. కాఫీ వద్దన్నాడు. పేపరు పరిచి రెండు తాళాలూ దాని మీద పెట్టమన్నాడు. బటన్ నొక్కితే టక్కుమని బ్లేడు బయటికొచ్చే తాళాలు. ఒకదాని మీద లాక్ బొమ్మ అరిగి తెల్లబడిపోయింది, బ్లేడు మధ్య గాడి అంచులు నున్నగా ఉన్నాయి. రెండోది ప్యాకెట్టులోంచి అప్పుడే తీసినట్టుంది. పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీశాడు. తీసి, తల ఎత్తకుండానే, "ఇది కారుతో పుట్టిన తాళం కాదు. అసలు రెండో తాళం ఎవరికిచ్చారు?" అన్నాడు.

కొన్నప్పుడే ఒకటి వచ్చిందని చెప్పాను. రాసుకోలేదు. అప్పులున్నాయా అన్నాడు. చీటీలు కడుతున్నారా అన్నాడు. అమ్మని పిలిచి, ఫోన్ కెమెరా మొహం మీద పెట్టి, "మీ అబ్బాయికి తాగే అలవాటుందా?" అని హిందీలో అడిగాడు. ఆవిడకి హిందీ రాదు, నవ్వి తలూపింది. ఆ తలూపడం వీడియోలో ఉంది. ఆ తర్వాత వీధిలో నాలుగు ఇళ్లకి వెళ్లాడు, టీ బడ్డీ దగ్గర నిలబడి మరీ వాకబు చేశాడు. సాయంత్రానికి ఊరంతా నేనే కారు అమ్ముకుని నాటకమాడుతున్నానని చెప్పుకుంది. ఇరవై ఏళ్లుగా ఎరిగినవాళ్లు కూడా "నిజం చెప్పు గురూ" అన్నారు. దొంగ మీద రాని ఏడుపు అప్పుడొచ్చింది.

వెళ్లేముందు ఇంగ్లీషులో తనే రాసిన కాగితం ముందు పెట్టాడు. అందులో ఒక వాక్యం: నా దగ్గర ఒరిజినల్ తాళం ఒక్కటే ఉంది, రెండో దాని గురించి తెలియదు. సంతకం పెట్టబోయి ఆగాను. ఆ ఒక్క వాక్యంతో 'కారుని జాగ్రత్తగా చూసుకోలేదు' అనే షరతు కింద క్లెయిము కొట్టేయొచ్చు. అతని కాగితం మీద సంతకం చేయకండి. మీకొచ్చిన భాషలో మీరే రాసివ్వండి, ప్రతి పేజీ ఫోటో తీసి ఉంచుకోండి. అతనికి కోపం వస్తుంది. రానివ్వండి.

ఇప్పుడు తాళం సంగతి. రెండో తాళం నేను దొంగ చాటుగా చేయించింది కాదు. 2022లోనే కంపెనీ అధీకృత వర్క్‌షాపులో ఛాసిస్ నంబరు మీద ఆర్డరు పెట్టి తెప్పించాను, పదిహేను వేలకి దగ్గరగా అయింది. ఈ పోలోలో తాళం తలకాయలో ఒక చిప్పు ఉంటుంది, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని చదువుతుంది. ఏ చిప్పులు తనవో స్టీరింగ్ ముందున్న మీటర్ల క్లస్టర్ గుర్తుపెట్టుకుంటుంది. కొత్త తాళం కలపాలంటే ఉన్న తాళాలన్నీ ఒకే విడతలో మళ్లీ కలపాలి. ఆ విడతలో లేని తాళం జాబితాలోంచి పోతుంది. అంటే పాత ఓనరు దగ్గర మిగిలిపోయిన ఆ తాళం 2022లోనే చచ్చిపోయింది. దాని బ్లేడుతో తలుపు తీయొచ్చు, ఇగ్నిషన్ తిప్పొచ్చు, ఇంజను మాత్రం అంటుకుని క్షణంలో ఆగిపోతుంది.

మరి దొంగ ఎలా తీసుకెళ్లాడు? అద్దం పగలగొట్టి లోపలికి దిగి, స్టీరింగ్ కింది డయాగ్నొస్టిక్ సాకెట్‌కి యంత్రం తగిలించి, తన తాళాన్ని తనే కలుపుకునే ముఠాలున్నాయి. కీలెస్ కార్లకైతే అదీ అక్కర్లేదు. గుమ్మం దగ్గర కొక్కేనికి వేలాడే తాళం సిగ్నల్‌ని బయటినుంచి పట్టి కారు దాకా పొడిగిస్తారు. నాది కీలెస్ కాదు కాబట్టి అద్దమే దారి.

ఇన్వెస్టిగేటర్ అక్కడే పట్టుకున్నాడు. "అద్దం పగిలితే పెంకులేవి?" లేవు. అమ్మ ఊడ్చేసింది. ముగ్గు ఫోటోలో వాకిలి అద్దంలా మెరుస్తోంది గానీ అద్దం ముక్క ఒక్కటి లేదు. తాళంతో తీసుకెళ్లారనడానికి అదే రుజువట! ఆ రాత్రి టార్చిలైటుతో పెరట్లో చెత్తకుప్ప తవ్వాను. కొబ్బరి పీచు, ఎండిన బంతిపూలు, వాటి కింద జొన్నగింజలంత, శనగగింజలంత గాజు ముక్కలు దోసెడు దొరికాయి. తలుపు అద్దం టఫెన్డ్ గాజు, పగిలితే ఇలాగే గింజల్లా రాలుతుంది. ముందు అద్దం ఇలా రాలదు, మధ్యలో పొర ఉంటుంది కాబట్టి సాలెగూడులా చిట్లి అక్కడే ఉంటుంది. వాటిల్లో బొటనవేలి గోరంత ముక్క మీద తెల్లటి అచ్చు, సగం తెగిన గాజు కంపెనీ గుర్తు ఉంది. మర్నాడు ఐఐసీ (ఠాణా ఇన్‌స్పెక్టరు) గారికి చెప్తే ఇద్దరు సాక్షుల ముందు సీజర్ లిస్టు (స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా) రాయించి డబ్బాలో పెట్టించారు. మీ కారు పోతే వాకిలి ఊడవనివ్వకండి. ముగ్గు మధ్యాహ్నం వేసుకోవచ్చు.

ఇక వర్క్‌షాపు బిల్లు. నా కాపీ థర్మల్ కాగితం, రెండేళ్లకి తెల్లకాగితం అయిపోయింది. కౌంటరు దగ్గర "పాత బిల్లులు ఇవ్వం సార్" అన్నారు, మూడుసార్లు విశాఖ వెళ్లాను. మూడోసారి ఒక పాత మెకానిక్ గారు నన్ను గుర్తుపట్టి, లోపలికెళ్లి జాబ్‌కార్డు ప్రింటు తెచ్చిచ్చారు. అందులో ఉంది: ఛాసిస్ నంబరు, కొత్త తాళం ఒకటి, కలిపిన తాళాలు రెండు. ఆ 'రెండు' అనే అంకె నా ఐదు లక్షలు.

పోలీసుల ఫైనల్ ఫారమ్ మార్చిలో కోర్టుకి వెళ్లింది, 'కేసు నిజం, ఆచూకీ లేదు' అని. కోర్టులో నకలు దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి, ఠాణా జిరాక్సు పనికిరాదు. మొత్తం ఒడియాలో ఉంటే కంపెనీ చదవదట. నోటరీ ముద్రతో ఇంగ్లీషు అనువాదం చేయించాను. ఒడిశాలో పాలసీ అమ్మేటప్పుడు ఒడియా వచ్చింది వీళ్లకి.

ఇంతా ఇచ్చాక కంపెనీ ఉత్తరం: తాళం విషయంలో సందేహం, సమాచారంలో ఆలస్యం, కాబట్టి 'నాన్ స్టాండర్డ్' (షరతు తప్పిన క్లెయిము) కింద 75 శాతం, అందులో వెయ్యి పోను 3,81,500 ఇస్తాం, సంతకం పెట్టండి. మా బావగారు తీసుకోమన్నారు. నేను తీసుకోలేదు. పూర్తి, తుది పరిష్కారం అని రాసున్న డిశ్చార్జి వోచరు మీద సంతకం పడితే మిగతా పావు కోసం కొట్లాడ్డం చాలా కష్టం. ఆలస్యం అన్నదానికి జవాబు సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 2020లో ఒక ట్రాక్టరు దొంగతనం కేసులో ముగ్గురు జడ్జీల బెంచి తేల్చింది: ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిము కొట్టేయడానికి లేదు.

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాను. జాబ్‌కార్డు, సీజర్ లిస్టు, తాళాలు కలిపే పద్ధతి మీద ఒకటిన్నర పేజీ. నెల గడిచినా ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు భువనేశ్వర్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి పెట్టాను. కంపెనీకీ మనకీ మధ్య తగువు తీర్చే అధికారి ఆయన. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, అసలు లాయరుని రానివ్వరు. 50 లక్షల దాకా వింటారు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. తీర్పు కంపెనీకి తప్పనిసరి, మనకి నచ్చకపోతే వేరే దారి చూసుకోవచ్చు. విచారణ తేదీ ఇంకా తొమ్మిది రోజులుందనగా కంపెనీ నుంచి ఫోన్, మర్యాదగా "సర్ జీ" అంటూ. పూర్తి మొత్తం ఇస్తాం, అక్కడ ఉపసంహరించుకోండి అన్నారు. డబ్బు పడ్డాకే అన్నాను.

చివరి కాగితాలు: ఒరిజినల్ ఆర్‌సీ, రెండు తాళాలు, యాజమాన్యం బదిలీకి వాడే ఫారం 28, 29, 30, స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండు (తర్వాత తేడా వస్తే నష్టం భరిస్తాననే హామీ), సబ్రొగేషన్ లెటరు (కారు మీద మన హక్కులు కంపెనీకి దఖలు పరిచేది), కొట్టేసిన చెక్కు. ఫారాలు ఖాళీగా సంతకం పెట్టివ్వమంటారు. ఛాసిస్, ఇంజను నంబర్లు, క్లెయిము నంబరు మీ చేత్తో నింపి ఇవ్వండి. తాళాలిచ్చేటప్పుడు రసీదు మీద 'రెండు' అని రాయించుకోండి. లోను తీరినా ఆర్‌సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ కూడా. ఆర్టీఓలో దొంగతనం ఎంట్రీ వేయించండి, లేదంటే ఎవరో బదిలీకి పెడతారు.

సెకండ్‌హ్యాండులో ఇలాంటి కారు ఒక్క తాళంతో ఎవరైనా ఇస్తే, కొత్త తాళం ఖర్చు ధరలో తగ్గించమనండి, వాడి చేత 'ఒక్క తాళమే ఇచ్చాను' అని రాయించుకోండి. తర్వాతి కారుకి పెట్రోలు పంపు లైనులో దాచిన స్విచ్చు పెట్టిస్తున్నాను. ఎక్కడో మా అమ్మకి కూడా చెప్పను. జీపీఎస్ పెట్టిస్తే డయాగ్నొస్టిక్ సాకెట్‌లో గుచ్చే రకం వద్దు, దొంగ ముందు పీకేది అదే.

ఫాస్టాగ్ మూసేయడం ఒక్కటి మిగిలింది. అందులో 340 రూపాయలున్నాయి. అవి వెనక్కివ్వడానికి బ్యాంకు వాళ్లు వాహనం ముందు అద్దం ఫోటో పంపమంటున్నారు.