నేను నవ్వలేదండి

పదకొండున్నరయింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. మధ్యాహ్నం నుంచి ఒక మాట గొంతులో ముల్లులా ఉంది. రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

ఈ రోజు స్త్రీల కూడిక మా వీధి చివరింట్లో. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం, చదివే వంతు నాది. కరెంటు లేదు, ఉక్క. కాలవ గట్టు మీద ఆకు కూడా కదలడం లేదు. త్రోయ ఊళ్ళో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తున్నాడు, ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చున్నాడు. "నిద్రాభారమువలన జోగి" అని చదివి ఊపిరి కోసం తలెత్తాను. ఎదురుగా కిటికీ గట్టు మీద ఆ ఇంటావిడ మనవడు. చేతిలో సగం కొరికిన జంతిక, నోరు తెరిచేసి, తల ఊచకి ఆనించి జోగుతున్నాడు. ఐతుకైతే మూడో అంతస్తు నుంచి కింద పడి చచ్చిపోతాడు, వీడికి ఊచలున్నాయి కాబట్టి సరిపోయింది. నవ్వొచ్చేసింది. పైకే నవ్వాను.

"వాక్యం చదువుతా నవ్వేంటమ్మా? మనిషి చచ్చిపోతే నవ్వొస్తుందా?" అన్నారు కూడిక నడిపించే పెద్దావిడ.

అందరూ నా వైపు చూశారు. నేను "నవ్వలేదండి" అన్నాను.

సాయంత్రం వంట చేస్తున్నంతసేపూ ఆవిడతో మనసులో పోట్లాడుతూనే ఉన్నాను. పప్పు అడుగంటింది. బైబిలు తెరవగానే ముఖం బిగించుకోవాలని ఎవరు చెప్పారు? ఆవిడ చదివితే వంశావళైనా సిలువ మరణమైనా ఒకటే రాగం, అందులో మనుషులు వినబడరు. జనం మొక్కిన బంగారు దూడ ఎలా వచ్చిందని మోషే నిలదీస్తే, దాన్ని చేసిన అన్న అహరోను ఏమన్నాడు? బంగారం అగ్నిలో వేశాను, "ఈ దూడ యాయెను" అన్నాడు. మా చిన్నోడు గ్లాసు పగలగొట్టి "అదే పడిపోయింది" అన్నట్టే లేదూ? యోనా ప్రవక్త అయితే నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోయిందని చచ్చిపోతానంటాడు. అంత అలిగినవాడితో దేవుడు ఓపిగ్గా మాట్లాడతాడు. తాను నాశనం చెయ్యకుండా వదిలేసిన నీనెవె పట్టణంలో లక్షా ఇరవై వేల మందికి పైగా జనం ఉన్నారు, బహు పశువులు కూడా ఉన్నాయి అంటాడు. ఆ గ్రంథం ఆ పశువుల మాట మీదే ఆగిపోతుంది. నాకు ఆ పశువులంటే ఎంత ఇష్టమో.

ఇవన్నీ నాకు చూపించింది అమ్మమ్మ. చేతిలో లేసు సూది, ఒళ్ళో బైబిలు, పేజీ గుర్తుకి తెల్ల దారం ముక్క. ఆ దారం ఎక్కువగా కార్యములు 12వ అధ్యాయంలోనే ఉండేది, దానికి కారణం మా మావయ్య.

1996 నవంబరు 6 తుపానప్పుడు మావయ్య పని మీద కాకినాడ వెళ్ళి ఉన్నాడు. ఆ రాత్రి గాలికి మా పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లకి తొమ్మిది పడిపోయాయి. తెల్లారి చూస్తే రోడ్డు మీద చెట్టు మీద చెట్టు. బస్సులు లేవు, ఫోన్లు లేవు, కబురు లేదు. మూడు రోజులు అమ్మమ్మ మోకాళ్ళ మీదే ఉంది. మూడో రోజు దీపాలు పెట్టే వేళ తలుపు చప్పుడైంది. "అమ్మా" అని పిలుపు. పిన్ని వెళ్ళింది, గొంతు గుర్తుపట్టింది, గడియ మీద చెయ్యి కూడా వేసింది. తియ్యకుండా లోపలికి పరుగు! "అన్నయ్యొచ్చాడు, అన్నయ్యొచ్చాడు" అని ఒకటే కేక. అమ్మమ్మ ప్రార్థనలోంచి తలెత్తి "నీకేమన్నా పిచ్చా" అంది. బయట తలుపు కొడుతూనే ఉన్నాడు. నాకు అక్కడిదాకానే గుర్తు.

చెరసాల నుంచి బయటపడ్డ యేసు శిష్యుడు పేతురు వచ్చి తలుపు తడితే, రొదే అనే చిన్నది చేసిందీ అదే. సంతోషం పట్టలేక తలుపు తియ్యకుండా లోపలికి పరిగెత్తింది. "నీవు పిచ్చిదానవు" అన్నారు లోపలివాళ్ళు. అమ్మమ్మ అది చదివిన ప్రతిసారీ నవ్వి నవ్వి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకునేది. "విడిపించమని ప్రార్థన చేసిందీ వాళ్ళే, వచ్చాడంటే నమ్మనిదీ వాళ్ళే. అచ్చం నేనే" అనేది.

ఈ కథ చెప్పి ఆ పెద్దావిడ నోరు మూయిద్దామనుకున్నాను. వచనాలు సరిచూసుకుందామని ఇందాక బైబిలు తెరిచాను. రెండో వచనం దగ్గరే ఆగిపోయాను. హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబును, పేతురులాంటి శిష్యుణ్ణే, కత్తితో చంపించాడు. అదే అధ్యాయం. యాకోబు కోసం కూడా ఏదో ఇంట్లో ప్రార్థన చేసే ఉంటారు కదా. అతను వచ్చి తలుపు తట్టలేదు. ఇన్నేళ్ళూ ఆ వచనం దాటేసి రొదే దగ్గరికి పరిగెత్తాను. మావయ్య తిరిగొచ్చాడు కాబట్టి అమ్మమ్మ నవ్వగలిగింది. ఆ తుపానులో వేటకెళ్ళి రానివాళ్ళు మన తీరంలో ఎందరో. ఆ పెద్దావిడ పుట్టిల్లు సముద్రం ఒడ్డునే. వాళ్ళింట్లో ఏం జరిగిందో నేనెప్పుడూ అడగలేదు.

అయినా ఐతుకు బతికాడు! పౌలు కిందికి దిగి, వాడి మీద పడి కౌగిలించుకుని, ప్రాణం ఉందని చెప్పి, మళ్ళీ పైకెళ్ళి తెల్లారేదాకా మాట్లాడాడు. ఆ ముక్క వచ్చేదాకా ఆవిడ ఆగి ఉంటే కూడికలో అందరూ నవ్వేవారు. ఈ విషయంలో నాకు కోపం ఇంకా తగ్గలేదు.

నవ్వడం తప్పని ఇప్పటికీ అనుకోను. అబద్ధమాడాను చూశారా, అదీ ముల్లు. అబ్రాహాము భార్య శారా కూడా, ముసలితనంలో బిడ్డ పుడతాడని దేవుడంటే నవ్వి, భయపడి "నేను నవ్వలేదు" అంది. "అవును నీవు నవ్వితివి" అన్నాడాయన. శిక్ష లేదు, శాపం లేదు. ఏడాది తిరిగేసరికి బిడ్డ పుట్టాడు. ఇస్సాకు అంటే నవ్వు అనేగా అర్థం. నా విషయంలో అలా కూడా జరగలేదు. పెద్దావిడ నా మాట నమ్మేశారు. "సరే తల్లీ, చదువు" అన్నారు. నమ్మకపోయినా బాగుండేది.

వచ్చే గురువారం దాకా ఆగను. రేపు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి, నవ్వానని చెప్పేస్తాను. ఎందుకు నవ్వొచ్చిందో కూడా చెప్తాను. వింటే వాళ్ళ ఊరి సంగతులు అడుగుతాను.

రాత్రి పిన్నికి ఫోన్ చేశాను, "ఇంతకీ ఆ రోజు గడియ ఎవరు తీశారు?" అని.

"ఎవరు తీశారే? కొట్టి కొట్టి విసుగొచ్చి, పడిపోయిన చెట్లు దాటుకుంటా పెరటి వైపు నుంచి వచ్చాడు. మేమంతా వీధి గుమ్మం దగ్గర ఉంటే, వంటింట్లోంచి 'అన్నం ఉందా' అన్నాడు."