చక్రవర్తి బండి పక్కన ఉప్పుచేపల బండి

చనిపోయిన రాజును బతికున్నట్టు బొమ్మలో చూపించాలంటే ఎలా? నేను గీసిన చైనా కథల్లో పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి తీయించుకునే పేజీ ఇదే.

క్రీ.పూ. 210, ఎండాకాలం. చైనా రాజ్యాలన్నిటినీ గెలిచి మొదటిసారి ఒకే ఏలుబడి కిందికి తెచ్చిన చిన్ షి హువాంగ్, రాజధానికి దూరంగా పర్యటనలో ఉండగా షాచ్యూ అనే చోట చనిపోయాడు. ఈ సంగతి బయటికి పొక్కితే సింహాసనం కోసం కొట్లాట మొదలవుతుందని ప్రధానమంత్రి లీ స, అంతఃపుర అధికారి జావ్ గావ్ శవాన్ని మూసిన బండిలోనే ఉంచి ప్రయాణం సాగించారు. వేళకు భోజనం బండిలోకి వెళ్తుంది. అధికారులు బయట నిలబడి విన్నపాలు వినిపిస్తారు. లోపల కూర్చున్న నౌకరు రాజు తరఫున జవాబు చెప్తాడు. ఎండకి వాసన మొదలయ్యేసరికి, అది తెలియకుండా ఉండాలని బండ్లలో ఉప్పుచేపలు నింపించారు.

బండి లోపల ఏముందో నేను ఒక్క గడిలో కూడా చూపించలేదు. తెర, లోపలికి వెళ్లే పళ్లెం, బయటికి వచ్చే పళ్లెం, వంగి దండం పెడుతున్న అధికారి, ముక్కు మూసుకున్న సైనికుడు, అంతే. 'రాజు చనిపోయాడు' అన్న మాట కూడా ఎక్కడా రాయలేదు. సగం పేజీ కూడా చదవకుండానే ఎవరో ఒకరు అరుస్తారు, "పిన్నీ, ఆయన ఎప్పుడో పోయాడు కదా!" అని. పక్కవాళ్లు "చెప్పకురా" అని వాణ్ని కసురుతారు.

నేను చరిత్ర చదువుకున్నదాన్ని, బొమ్మలు గీయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆదివారాలు మా అక్క కూతురు, దాని స్నేహితులు చేరతారు. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకూ ఉంటారు. చైనా ఎందుకు అని పెద్దవాళ్లు అడుగుతారు గానీ పిల్లలు ఎప్పుడూ అడగలేదు. క్రీ.పూ. 221 నుంచి 1912 దాకా రెండు వేల ఏళ్లకు పైగా చక్రవర్తుల పాలన నడిచిన దేశం అది. వంశాల పేర్లు వరసగా చిన్, హాన్, సుయి, తాంగ్, సోంగ్, యువాన్, మింగ్, చింగ్ అని బోర్డు మీద రాస్తే ఎవరికైనా నిద్రొస్తుంది. నేను ఆ వరసను పూర్తిగా చెప్పాలన్న పట్టుదల మొదట్లోనే వదిలేశాను.

బొమ్మ గీయడంలో ఒక ఇబ్బంది ఉంది. నా దృష్టిలో అదే దాని లాభం కూడా. 'చక్రవర్తి ఉత్తర్వులు చదివాడు' అని వాక్యం రాసేస్తే పని అయిపోతుంది. అదే గీయాలంటే దేని మీద చదివాడో తెలియాలి. చిన్ కాలానికి రాయడానికి కాగితం వాడకం లేదు, వెదురు బద్దలే. వాటిని తాళ్లతో కట్టి చాపలా చుట్టేవాళ్లు. చిన్ షి హువాంగ్ రోజూ చదవాల్సిన పత్రాలను తూకం వేయించుకునేవాడట, ఆ బరువు పూర్తయ్యేదాకా పడుకునేవాడు కాదట. మన లెక్కలో సుమారు 30 కిలోలు. రాజు పక్కన తక్కెడ గీస్తే చాలు, ఆ మనిషి స్వభావం మొత్తం తెలిసిపోతుంది. అలాగే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టకూడదు, అప్పట్లో అందరూ నేల మీద చాపలపైనే కూర్చునేవాళ్లు. ఆయన కట్టించిన చైనా మహాగోడ వెనక ఇటుకల బురుజులు పెట్టకూడదు. మనం ఫొటోల్లో చూసే ఇటుక గోడ మింగ్ కాలంది, చిన్ వాళ్లది చాలావరకు దిమ్మిస కొట్టిన మట్టిగోడ. పిల్లల చేత గీయిస్తే ప్రతి చైనా మగవాడికీ వెనకాల పొడుగు జడ వేస్తారు. ఆ జడ చింగ్ వంశాన్ని నిలబెట్టిన మంచూలు 1645లో చైనా మగవాళ్లందరి మీదా బలవంతంగా రుద్దిన అలవాటు. అంతకు పద్దెనిమిది వందల ఏళ్ల ముందు సైనికుడికి జడ వేస్తే కథ మొత్తం అబద్ధమైపోతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. బొమ్మ చూసిన పిల్లలు దాన్ని నమ్మేస్తారు. 'అని చెప్తారు', 'అట' అనే మాటలు వాక్యంలో ఇమిడిపోతాయి గానీ, బొమ్మలో 'అట' ఎక్కడ పెడతాం? ఉప్పుచేపల బండి గీశానంటే అది ఉన్నట్టే. కానీ ఆ సంగతి మనకు తెలిసింది చరిత్రకారుడు సీమా చియెన్ రాసినదాని వల్ల. ఆయన రాసేనాటికి చిన్ షి హువాంగ్ పోయి వందేళ్లు దాటింది. పైగా ఆయన కొలువు చేసింది హాన్ వంశం దగ్గర, అంటే చిన్ వంశం కూలాక గద్దెనెక్కినవాళ్ల దగ్గర.

అందుకని ప్రతి పేజీలో కింద కుడి మూలన చిన్న గడి ఒకటి వదిలిపెడతాను. అందులో ఈ కథ ఎవరు చెప్తున్నారో వాళ్ల బొమ్మ ఉంటుంది. చిన్ కథలన్నిటికీ ఆ మూలన కుంచె పట్టుకున్న సీమా చియెన్ ఉంటాడు. పిల్లలు ఆయనకు 'మూల తాత' అని పేరు పెట్టేశారు. వంశం మారితే మూల తాత కూడా మారతాడు. చైనాలో కొత్త వంశం వచ్చాక పాత వంశం చరిత్ర రాయించడం ఆనవాయితీ. మింగ్ వంశం అధికారిక చరిత్ర చింగ్ పాలనలో 1739లో పూర్తయింది. ఓడిపోయినవాళ్ల కథ గెలిచినవాళ్ల గుమాస్తాలు రాస్తారన్నమాట. ఇది నేను నోటితో ఎప్పుడూ చెప్పలేదు. ఒక పిల్ల తనంతట తనే అడిగింది, "వీళ్లని ఓడించినవాళ్ల దగ్గర ఉద్యోగం చేస్తూ వీళ్ల గురించి మంచిగా ఎలా రాస్తాడు?" అని. ఆ ప్రశ్న రాకపోతే ఈ బొమ్మలన్నీ ఉత్త కాలక్షేపమే.

సీమా చియెన్ సొంత కథ కూడా ఒక పేజీ చేశాను. శత్రువులకు లొంగిపోయిన లీ లింగ్ అనే సేనాని పక్షాన మాట్లాడినందుకు హాన్ చక్రవర్తి వూ ఆయనకు శిక్ష వేశాడు. వృషణాలు తీసేసే శిక్ష. ఆ అవమానం కంటే చావు మేలనుకునే కాలం అది. తండ్రి మొదలుపెట్టిన చరిత్ర పూర్తి చేయాలని ఆయన బతకడాన్నే ఎంచుకున్నాడు. ఇది పిల్లలకు చెప్పొచ్చా అని ఒక తల్లి కాస్త కంగారు పడింది. నా అభిప్రాయం ఏమిటంటే, ఇది చెప్పకుండా చైనా రాజాస్థానం గురించి చెప్పడం కుదరదు. ఇలా శరీరం కోయబడి అంతఃపురంలో కొలువు చేసినవాళ్ల కథలు, సముద్రయానాలు చేసిన జెంగ్ హ దాకా, ఎన్నో ఉన్నాయి. 'పిల్లలు పుట్టకుండా శరీరాన్ని కోసే శిక్ష' అని ఒక్క వాక్యంలో చెప్పాను, బొమ్మ వేయలేదు. పిల్లలు నవ్వుతారేమో అనుకున్నాను, ఎవరూ నవ్వలేదు. ఆ రాజుకు ఈయన రాసింది తర్వాత చదవాలంటే భయం వేయలేదా అని మాత్రం అడిగారు.

మూల తాతకు పోటీగా ఇంకొకరు దొరికినప్పుడు కథ ఎలా మారుతుందో చూపించడానికి నాకు బాగా ఉపయోగపడింది క్రీ.పూ. 209 నాటి తిరుగుబాటు. చెన్ షెంగ్, వూ గ్వాంగ్ అనే ఇద్దరు, సరిహద్దు కాపలాకు పంపిన తొమ్మిది వందల మందిలో ఉన్నారు. దాజషియాంగ్ దగ్గర భారీ వర్షాలు, దారి మూసుకుపోయింది. చెప్పిన గడువుకు చేరలేరు. ఆలస్యమైతే తల తీస్తారు, తిరగబడ్డా తల తీస్తారు, అలాంటప్పుడు తిరగబడటమే నయం కదా అనుకున్నారట. దీనికి వాళ్లు వేసిన ఎత్తులు బొమ్మల కథకే పుట్టినట్టుంటాయి. 'చెన్ షెంగ్ రాజవుతాడు' అని పట్టు గుడ్డ మీద ఎర్ర అక్షరాలతో రాసి చేప కడుపులో పెట్టారు. సైనికులు చేప కొనుక్కుని కోస్తే గుడ్డ బయటపడింది. రాత్రిపూట గుడి దగ్గర నుంచి నక్క గొంతుతో వూ గ్వాంగ్ అదే మాట అరిచాడు. (చిన్ కథల్లో చేపలకు ఎందుకింత పని అని మా పిల్లలకు అనుమానం.) మూడేళ్లలోపే చిన్ వంశం కూలిపోయింది.

ఇదంతా ఎడమ పేజీ. మూలన సీమా చియెన్.

కుడి పేజీ మూలన ఒక అస్థిపంజరం ఉంటుంది. 1975లో హుబేయ్ ప్రాంతంలోని షుయిహుది దగ్గర ఒక సమాధి తవ్వారు. క్రీ.పూ. 217లో చనిపోయిన షి అనే చిన్న అధికారిది. ఆయన శవం చుట్టూ వెయ్యికి పైగా వెదురు బద్దలు, వాటిలో చాలావాటి నిండా చిన్ చట్టాలే. ప్రభుత్వ చాకిరీకి పిలిచినవాళ్లు ఆలస్యమైతే ఏం చేయాలో అందులో ఉంది. మూడు నుంచి ఐదు రోజులైతే చీవాట్లు. ఆరు నుంచి పది రోజులైతే ఒక డాలు జరిమానా. పది దాటితే ఒక కవచం. వాన వల్ల పని జరగకపోతే మినహాయింపు. తల తీయడం అనే మాటే లేదు.

ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టిన రోజు గదిలో గోల గోల. సీమా చియెన్ అబద్ధాలకోరని కొందరు తేల్చేశారు. అంత తొందరగా వదలనివ్వలేదు నేను. బద్దల మీద ఉన్నది చాకిరీకి సంబంధించిన చట్టం, వీళ్లు వెళ్తున్నది సరిహద్దు కాపలాకి. దానికి వేరే చట్టం ఉందేమో అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. లేదా చెన్ షెంగే జనాన్ని కూడగట్టడానికి తల తీస్తారని భయపెట్టి ఉండొచ్చు. ఈ చివరి ఆలోచన నాది కాదు, పన్నెండేళ్ల పిల్లాడిది. "చేప కడుపులో గుడ్డ పెట్టినవాడు ఇది మాత్రం నిజం చెప్తాడా?" అన్నాడు. ఆ మాటను మాటల బుడగలో పెట్టి కుడి పేజీ చివర్లో వేశాను.

బొమ్మల్లో చరిత్ర చెప్పడం చైనాకు కొత్తేమీ కాదు. షాంఘైలో గత శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే అరచేతిలో పట్టే బుల్లి పుస్తకాలు వచ్చాయి. పేజీకి ఒక బొమ్మ, దాని కింద రెండు మూడు వాక్యాలు. వీధి చివర అద్దె దుకాణాల్లో బెంచీ మీద కూర్చుని చదివి ఇచ్చేసేవాళ్లు. 1949 తర్వాత ప్రభుత్వం కూడా ఈ పుస్తకాలను బాగా వాడుకుంది, అక్షరాలు నేర్పడానికీ, తన మాట చెప్పడానికీ. పుస్తకాలు తగలబెట్టించిన క్రూరుడిగా రెండు వేల ఏళ్లు పేరుపడ్డ చిన్ షి హువాంగ్‌ను 1970లలో కన్‌ఫ్యూషియస్ వ్యతిరేక ప్రచారం నడిచినప్పుడు దేశాన్ని ముందుకు నడిపిన వీరుడిగా పొగిడారు. రాజు మారలేదు, మూల తాత మారాడు.

అందరి గురించీ ఇంత వివరంగా చేయలేను. వూ జతియెన్‌ది సులువుగా అయిపోయింది. 690లో తనే చక్రవర్తినని ప్రకటించుకుని చైనాను ఏలిన ఏకైక మహిళ ఆమె. షియాన్ దగ్గర ఆమె సమాధి ముందు నిలబెట్టిన పెద్ద శిలాఫలకం మీద మొదట ఏమీ చెక్కలేదు. ఎందుకో రకరకాలుగా చెప్తారు. ఆ పేజీలో ఫలకం ఖాళీగా వదిలి పిల్లలకు ఇస్తాను, రాసుకోమని. తర్వాతి కాలాల్లో వచ్చినవాళ్లు నిజంగానే దాని మీద తమ రాతలు చెక్కారు కాబట్టి ఇదేమీ తప్పు పని కాదు.

జిరాఫీ పేజీ ఇంకా సులువు. 1414లో బెంగాల్ నుంచి మింగ్ చక్రవర్తి యోంగ్లకు జిరాఫీ కానుకగా వచ్చింది. మంచి రాజు ఏలుబడిలోనే కనిపించే చిలిన్ అనే పురాణ జంతువు ఇదే అని ఆస్థానంలో పొగిడారు, బొమ్మ కూడా వేశారు. యోంగ్ల సింహాసనం అన్న కొడుకు దగ్గర లాక్కున్నది. 'మంచి రాజు' అన్న సాక్ష్యం ఆయనకు ఎంత అవసరమో పక్క గడిలో ఆ అన్న కొడుకుని గీస్తే చాలు, అర్థమవుతుంది.

యుద్ధాల కంటే వీళ్లకు నచ్చింది పరీక్షలు. సర్కారు కొలువుల కోసం నాన్‌జింగ్‌లోని పరీక్షా ప్రాంగణంలో ఒకప్పుడు 20 వేలకు పైగా గదులుండేవి. ఒక్కో గదిలో ఒక్కో మనిషి, రెండు చెక్కలు. పగలు ఒకటి బల్ల, ఒకటి పీట, రాత్రి రెండూ కలిపితే పడక. చేతిరాత గుర్తుపట్టకుండా గుమాస్తాలు జవాబులన్నీ ఎర్ర సిరాతో తిరగరాసి దిద్దేవాళ్లకు ఇచ్చేవాళ్లు. లోపల తొడుక్కునే చొక్కాల నిండా చీమ తలకాయంత అక్షరాలతో పాఠాలు రాసుకెళ్లి కాపీ కొట్టినవాళ్లూ ఉన్నారు. ఆ చొక్కా బొమ్మ గీయించుకోని పిల్ల లేదు. ఈ పరీక్షలు 1905లో రద్దయ్యాయంటే చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు మిగిలింది చివరి పేజీ. 1912 ఫిబ్రవరి 12న ఆరేళ్ల చివరి చక్రవర్తి పూయీ తరఫున రాజమాత లోంగ్‌యు గద్దె దిగుతున్నట్టు ప్రకటన ఇచ్చింది. మామూలుగా ఈ కథకు ఖాళీ సింహాసనమో, ఏడుస్తున్న పిల్లాడో వేస్తారు. నాకది ఇష్టం లేదు. అదే రోజుల్లో బయట వీధుల్లో మగవాళ్ల జడలు కత్తిరిస్తున్నారు, కొందరు సంతోషంగా కత్తిరించుకుంటున్నారు, కొందరిని పట్టుకుని కత్తిరిస్తున్నారు. పూయీ మాత్రం రాజభవనంలోనే ఉండిపోయాడు, 1920ల మొదటి దాకా ఆయన జడ అలాగే ఉంది. నా పేజీలో పై మూడొంతులు వీధికి, కింది గడి భవనానికి ఇస్తున్నాను. మా అక్క కూతురు మాత్రం ఒప్పుకోవడం లేదు, పూయీ కూడా చిన్నపిల్లాడే కదా, ఇంత చిన్న గడా అని. మూల తాతగా ఎవరిని వేయాలో కూడా తేలలేదు. పెద్దయ్యాక పూయీ తన జీవితకథ తనే రాసుకున్నాడు కాబట్టి ఆయన్నే వేయమంటోంది. అది రాయడం మొదలుపెట్టింది ఖైదులో ఉండి, కొత్త ప్రభుత్వం కనుసన్నల్లో అని చెప్పాను. "అయితే మూలన ఇద్దర్ని వెయ్యి" అంది.