పువ్వు వచ్చాకే పోల్చుకోగలిగాను: పేరు తెలియని కాక్టస్‌తో నా అనుభవం

స్నేహితురాలు ఒకరు పిలకగా ఇచ్చిన కాక్టస్ నా దగ్గర పెరుగుతోంది. పేరు ఆమెకూ తెలియదు. మొదట గుండ్రంగా ఉండేది, పెరిగేకొద్దీ కాస్త పొడుగైంది, మొదలు దగ్గర పిలకలు పెట్టింది. దాని ఒంటికి ఒక పక్కన మొగ్గ కనిపించాక, ఇదేమిటో తేల్చుకోవాలని గట్టిగా అనిపించింది.

ముందు ఫోన్‌లోని యాప్‌కి చూపించాను. పైనుంచి తీసిన ఫొటోకి ఒక పేరు, పక్కనుంచి తీసిన ఫొటోకి ఇంకో పేరు చెప్పింది. గుండ్రటి కాక్టస్‌లు పూత లేనప్పుడు ఒకదాన్ని ఒకటి అంతగా పోలి ఉంటాయి. అందుకే యాప్ చెప్పిన పేర్లను జవాబుగా తీసుకోలేదు, ఒక్కొక్కటీ సరిచూడాల్సిన అనుమానాలుగా రాసి పెట్టుకున్నాను: ఎకినాప్సిస్, జిమ్నోకాలిసియం, పరోడియా, మామిల్లేరియా. నాలుగూ కాక్టస్‌లలోని జాతుల పేర్లే.

అసలు ఇది కాక్టసేనా అన్నది మొదటి ప్రశ్న. కాక్టస్‌లు కాని యుఫోర్బియా అనే వేరే మొక్కల్లోనూ అచ్చం ఇలాంటి ముళ్లవి ఉన్నాయి. కాక్టస్‌కి ముళ్లు కాండం మీద నేరుగా మొలవవు. ఏరియోల్ అనే చిన్న నూగు మచ్చ ఉంటుంది, అందులోంచి గుత్తిగా వస్తాయి. భూతద్దంతో చూస్తే నా మొక్కకి అవి స్పష్టంగా కనిపించాయి. గీరితే పాలు కారేది యుఫోర్బియా అని చాలామంది చెబుతారు. కానీ మామిల్లేరియాల్లో కొన్నింటికీ పాలు ఉంటాయి. పైగా యుఫోర్బియా పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. మొక్కని గాయపరచడం కంటే ఏరియోల్ చూడటమే మంచి పద్ధతి.

మామిల్లేరియా వెంటనే పక్కకి పోయింది. దాని ఒంటి మీద విడివిడి బుడిపెలు సుడులుగా తిరుగుతూ ఉంటాయి. నా దానికి పైనుంచి కిందికి నిలువు గట్లు ఉన్నాయి. మిగిలిన మూడింటి మధ్య తేల్చింది మాత్రం మొగ్గే. నన్నడిగితే పువ్వు రంగు కంటే మొగ్గ ఎక్కడ పుట్టింది, పువ్వు అడుగున కాడలా ఉండే గొట్టం మీద ఏముంది అన్నవే ముఖ్యం. ఒకే జాతిలో తెలుపూ గులాబీ రెండూ ఉండొచ్చు, గొట్టం తీరు అంత సులువుగా మారదు. జిమ్నోకాలిసియం మొగ్గ నున్నగా ఉంటుంది. వెడల్పాటి పొలుసులే తప్ప దాని మీద నూగూ ముళ్లూ ఉండవు. పరోడియా నడినెత్తి దగ్గర పూస్తుంది, గొట్టం పొట్టిగా ఉంటుంది. నా మొక్కకి మొగ్గ ఒంటి పక్క భాగంలోని ఏరియోల్‌లోంచి, బూడిదరంగు ఉన్ని ఉండలా బయటికొచ్చింది. కొన్నాళ్లు కదలకుండా ఉండి, చివర్లో ఒక్కసారిగా పొడుగు సాగింది. గొట్టం నిండా పొలుసులూ, వాటి సందుల్లో వెంట్రుకలూ. అది చూశాక ఎకినాప్సిస్ వైపే మొగ్గాను.

పువ్వు సాయంత్రం చీకటి పడే వేళ విచ్చుకుంది. లేత గులాబీ రంగు, హాయైన వాసన. మర్నాడు ఎండ ఎక్కేసరికి వాలిపోయింది. ఇలాంటి పూలకి ఉన్న వ్యవధి అంతే కాబట్టి ఫొటోలకు ముందే సిద్ధంగా ఉండాలి. పువ్వు ముఖం ఒక్కటే తీస్తే గుర్తుపట్టడానికి పెద్దగా పనికిరాదు. మొక్క మొత్తం పక్కనుంచి, స్కేలు పెట్టి ఏరియోల్, గొట్టం పొడవునా, పువ్వు లోపల గొంతు, ఇవన్నీ తీశాను. గొంతులో కేసరాలు రెండు వరసలుగా ఉన్నాయి: కొన్ని లోపల గొట్టంలో, మిగిలినవి అంచు చుట్టూ వలయంలా. ఎకినాప్సిస్‌లో ఉండే అమరిక అదే. నా అనుమానం అక్కడ తీరింది, చాలా సంతోషం వేసింది.

రాత్రి పూసే కాక్టస్ అనగానే ఇది బ్రహ్మకమలమా అని ఒకరిద్దరు అడిగారు. ఇళ్లలో ఆ పేరుతో పెంచుకునేదీ కాక్టసే, కానీ దాని కాండాలు ఆకుల్లా బల్లపరుపుగా ఉంటాయి, ముళ్లు ఉండవు.

ఇక ఎకినాప్సిస్ జాతిలోపల ఏ రకం అన్నది మిగిలింది. ఐరియెసీ, ఆక్సిగోనా అనే రెండు రకాలు దీనికి దగ్గరగా కనిపించాయి. ఐరియెసీకి చాలా పొట్టి ముళ్లు, తెల్లని పూలు. ఆక్సిగోనాకి ముళ్లు ఇంకాస్త పొడుగు, పూలు గులాబీ. నా దాని పువ్వు గులాబీ, ముళ్లేమో పొట్టివి. ఇవి రెండూ తేలిగ్గా సంకరమవుతాయి, ఇళ్లలో పిలకలుగా చేతులు మారుతున్నవాటిలో సంకరాలు చాలా ఉన్నాయి. పుస్తకాలు తిరగేస్తే ఇంకో చిక్కు. 1837లో జుకారిని అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన ఎకినాప్సిస్ జాతి ఎల్లలు తర్వాత చాలాసార్లు మారాయి. 1922లో బ్రిటన్, రోజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లోబీవియా అనే కాక్టస్‌లని వేరే జాతిగా పెట్టారు, 1974లో ఫ్రీడ్రిక్ దాన్ని మళ్లీ ఎకినాప్సిస్‌లో కలిపారు, జన్యు పరిశోధనల తర్వాత మళ్లీ విడదీస్తున్నారు. కాబట్టి ఒకే మొక్కకి రెండు పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఆ పుస్తకం ఎప్పటిదో చూడండి చాలు.

కుండీలో గుచ్చిన చీటీ మీద "ఎకినాప్సిస్ సంకరం, రాత్రి పూసేది, లేత గులాబీ, పొట్టి ముళ్లు" అని రాశాను. ఆక్సిగోనా అని రాయాలని మనసులో చాలా ఉంది, కానీ ముళ్లు ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు ఎవరికి పిలక ఇచ్చినా ఈ చీటీ నకలుతోనే ఇస్తున్నాను, మొదట ఇచ్చిన స్నేహితురాలికి కూడా ఒకటి పంపాను.